కోడలి పేరు మీద ఇల్లు

శకుంతలగారు పైన మోటారు వేస్తే కింది వాటాలో కుళాయి సన్నబడుతుంది. అందుకని ఆవిడ లేవకముందే బిందెలు నింపేసుకోవడం ప్రసన్నకి అలవాటు. ఆ ఉదయం ఇంకో బిందె మిగిలుండగానే మోటారు మోగింది. వెంటనే ఆవిడ టీవీ కూడా మొదలైంది. ఇంటి ఓనరు టీవీ శబ్దానికి విడిగా డబ్బులు అడగరు, అద్దెలోనే కలిపేస్తారు.

"వడ్డీ తగ్గించారంట, విన్నావా?" అన్నాడు హరీష్, నోట్లో బ్రష్షు తియ్యకుండానే. "రిజర్వు బ్యాంకు పావు శాతం తగ్గించింది."

"మన బిందె మాత్రం పావు వంతు తక్కువే నిండింది," అంది ప్రసన్న.

హరీష్ యూనివర్సిటీ క్యాంపస్‌లో కరెంటు పనులు చూస్తాడు. ప్రసన్న డిగ్రీ చదివి, ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర కూర్చుంటుంది. లోడుతో వచ్చిన ట్రాక్టరుని ఒకసారి, ఖాళీగా వెళ్లేటప్పుడు ఇంకోసారి తూస్తే, మధ్యలో తేడా ఎంతో అంతే కాయ. మిగతాదంతా ఇనుము. పెళ్లయి ఆరేళ్లయింది. పిల్లల సంగతి ఎవరైనా ఎత్తితే మొదట్లో హరీష్ "ముందు ఇల్లు" అనేవాడు. ఈమధ్య ఎవరూ ఎత్తకముందే ఆ మాట ప్రసన్నే అనేస్తోంది.

ఇల్లు కూడా చూసుకున్నారు. బైపాస్ పక్కన మామిడితోట మొత్తం కొట్టేసి కట్టారు కాబట్టి ఆ అపార్ట్‌మెంటుకి 'ఆమ్రవనం' అని పేరు పెట్టారు. మూడో అంతస్తులో రెండు బెడ్‌రూములు, తూర్పు గుమ్మం. అడ్వాన్సు ఇచ్చారు. ఇక బ్యాంకు లోను ఒక్కటే మిగిలింది.

బిందెలు లోపల పెడుతుండగా లోన్లు ఇప్పించే పాల్ రాజు ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, ఇంతకన్నా మంచి టైము రాదు. వడ్డీ తగ్గింది. దానికి తోడు సెంట్రల్ గవర్నమెంటు సబ్సిడీ, లక్షా ఎనభై వేలు. అయిదేళ్లలో మీ లోనుకే జమ అయిపోద్ది. ఆడవాళ్ల పేరు ఉండాలన్నారు గాబట్టి ఫ్లాటు నీ పేరు మీదే పెడదాం."

"నా పేరుకి ఇంత గిరాకీ ఉందని ఇప్పటిదాకా తెలీదన్నయ్యా."

"ఈ రోజుల్లో ఆడవాళ్ల పేరే పేరు. మగాళ్ల పేరు మీద కరెంటు బిల్లులు తప్ప ఏం రావు."

వారం తిరగకముందే బిల్డరు చదరపుటడుగు రేటు పెంచాడు. హరీష్ వెళ్లి అడిగితే ఆయన ఏమాత్రం మొహమాటపడలేదు. "వడ్డీ తగ్గింది కదండీ. మీకు అటు కలిసొచ్చింది, మాకు ఇటు. అందరం బాగుండాలి కదా," అన్నాడు. రిజర్వు బ్యాంకు వదిలిన పావు శాతం బొంబాయి నుంచి నూజివీడు దాకా క్షేమంగానే వచ్చి, బిల్డరు గుమ్మం దగ్గర దిగిపోయింది. అయినా సబ్సిడీ ఉంది కదా అనుకున్నారు మొగుడూ పెళ్లాలు. ఇక వాళ్ల లెక్కంతా దాని మీదే నిలబడింది.

ఇద్దరూ బ్యాంకుకి వెళ్తే, లోన్ల సీట్లో ఉన్న అమ్మాయి ప్రసన్న ఆధార్ నంబరు కొట్టి, తెర వైపు చూసి, మళ్లీ కొట్టింది.

"మీకు సబ్సిడీ రాదు మేడమ్. మీకు ఇల్లుంది."

ప్రసన్న తన వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని చూసింది. "ఎవరికండీ?"

"మీకే. స్థలం పట్టా మీ పేరు మీద ఉంది. కట్టినందుకు బిల్లు కూడా మీ పేరు మీదే పాసయింది. రెడ్డిగూడెం రోడ్డులో కాలనీ."

అప్పుడు తెలిసింది. అత్తయ్య ఇల్లు. పెళ్లయిన కొత్తలో సీతమ్మ ఆమెని సచివాలయానికి తీసుకెళ్లి వేలిముద్ర వేయించింది. కొత్త జంటకి వేరే రేషన్ కార్డు, ఆ కార్డు మీద కోడలికి సెంటున్నర స్థలం. ఆ ఏడాది చాలామంది చేసిన పనే అది. పట్టాలు ఆడవాళ్లకే ఇస్తారు. అత్తలకి పాత కాలనీల్లో ఒకసారి ఇళ్లు వచ్చేసి ఉంటాయి, మళ్లీ రావు. అందుకని కోడళ్ల పేర్లు వాడుకున్నారు. ఇప్పుడా కాలనీలో సగం ఇళ్లు కోడళ్లవి, ఉండేది అత్తలు. వేలిముద్ర వేసిన రోజు గురించి ప్రసన్నకి గుర్తున్నది ఒక్కటే, కట్టుకున్న పట్టుచీరకి సచివాలయంలో ఇంకు మరక అవడం.

"అప్పుడు ఇల్లు కట్టుకోవడానికి ఎంతిచ్చారండీ?" అడిగింది.

"లక్షా ఎనభై వేలు మేడమ్."

అప్పుడు ఇల్లు కట్టుకోమని ఇచ్చిందీ లక్షా ఎనభై వేలే, ఇప్పుడు ఆ ఇల్లుందని ఇవ్వనిదీ లక్షా ఎనభై వేలే. కాటా మీదకి ఎక్కి దిగిన ట్రాక్టరు లోపల కాయే లేనట్టు అనిపించింది ప్రసన్నకి. కోపం రావాలి, రాలేదు. ఏడుపూ రాలేదు. కుర్చీ చెయ్యి మీద ఉన్న తన చెయ్యి ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

"సబ్సిడీ లేకపోయినా లోను ఇస్తాం మేడమ్," అంది ఆ అమ్మాయి, ఓదార్పుగా. "కిస్తీ ఎక్కువనిపిస్తే ముప్పై ఏళ్లు పెట్టుకోండి. వడ్డీ మళ్లీ పెరిగినా భయం లేదు, కిస్తీ పెంచం. నెలలు పెరుగుతాయి, అంతే."

"ఎవరి నెలలండీ?" అంది ప్రసన్న.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఇన్నేళ్లుగా "ముందు ఇల్లు" అంటూ వచ్చిన హరీష్‌కి అర్థమైంది కానీ తెర వైపే చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం పాల్ రాజు ఇంటికే వచ్చి, టీ తాగి, గొంతు తగ్గించాడు. "ఒక దారుంది. పేపరు మీద విడాకులు. అప్పుడు రెండు ఫ్యామిలీలు అవుతారు. ఇల్లున్న ఫ్యామిలీ నీది చెల్లెమ్మా, ఇల్లు లేని ఫ్యామిలీ హరీష్‌ది. సబ్సిడీ పడ్డాక మళ్లీ కలిసిపోవచ్చు."

"ఆ విడాకులకి ఏమన్నా సబ్సిడీ ఉందా అన్నయ్యా?"

పాల్ రాజు నవ్వబోయి, ఆమె మొహంలో నవ్వేం కనిపించక, గ్లాసు కింద పెట్టి లేచాడు.

అతను వెళ్లాక హరీష్ అన్నాడు, "అమ్మ ఇల్లు మన మెడకి చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు."

"అది నా ఇల్లంట."

"పేరు నీదే. ఇల్లు అమ్మది కదా."

"ఆమ్రవనం కూడా నా పేరు మీదే అన్నారుగా. మరి అది ఎవరిది?"

హరీష్ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాడు. తల్లితో ఏం మాట్లాడుతున్నాడో లోపలికి వినిపిస్తూనే ఉంది. "నీ ఇంటి వల్ల మా ఇల్లు ఆగిపోయిందమ్మా," అంటున్నాడు. ప్రసన్న ఆపలేదు. ఆపాలని ఆమెకి తట్టనే లేదు. పప్పు కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ ఎక్కడో తప్పి, అన్నంలోకి మాడిన పప్పే వడ్డించింది. ఇద్దరూ తిన్నారు. మాడిందని ఇద్దరూ అనలేదు.

ఆదివారం బండి మీద కాలనీకి వెళ్లేసరికి సీతమ్మ సామాన్లు సర్దేసి ఉంది. గిన్నెలూ చీరలూ రెండు మామిడికాయల ట్రేలలో పట్టేశాయి. పక్కింటి సుసన్నా గుమ్మంలో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు హరీష్.

"ఉంగుటూరు మా తమ్ముడి దగ్గరికి పోతన్నా. ఊడ్పులకి మనుషులు కావాలంట."

"ఇంకా నారే పొయ్యలేదు, ఊడ్పులేంటి?"

"పోసేదాకా కూర్చుంటాను. కూర్చోడానికేం." సీతమ్మ కోడలి వైపు తిరిగింది. సీతమ్మ మామిడికాయల షెడ్డులో కాయలు ఏరే మనిషి. మామిడి సొన పడి చేతులనిండా నల్లమచ్చలు. "ఈ ఇల్లు గవర్నమెంటుకి ఇచ్చేయ్ ప్రసన్నా. ఇచ్చేసి మీ ఇల్లు కొనుక్కోండి."

"ఇచ్చేసినా ఉపయోగం లేదత్తయ్యా. ఒకసారి తీసుకుంటే ఇరవై ఏళ్ల దాకా ఇంకోటి ఇవ్వరు."

"అయితే అమ్మేయ్."

"ఇప్పుడప్పుడే అమ్మకూడదంట."

"మరి ఇంక దేనికి పనికొస్తదే ఇది?" అంది సీతమ్మ, గోడల వైపు చూస్తూ.

"ఉండటానికి," అంది సుసన్నా గుమ్మంలోంచి.

హరీష్‌కి ఆ మాట నచ్చలేదు. "నువ్వు ఊరుకో సుసన్నక్కా. అమ్మా, ఆ రోజు నీకు తొందరేంటి? మేం అడిగామా? మా పేరు మీద వచ్చేది ఒక్కసారి, అది నువ్వు వాడేశావు."

"మీ పేరు మీద కాదు," అంది ప్రసన్న. ఆమె గొంతు మామూలుగానే ఉంది. అందుకే ఇద్దరూ ఆగిపోయారు. "నా పేరు మీద. అత్తయ్యా, ఇల్లు కట్టుకున్నందుకు కాదు నా బాధ. పెళ్లయిన మూడో నెలలో నన్ను తీసుకెళ్లి వేలు పెట్టించారు. ఎందుకో చెప్పలేదు. ఇంటికొచ్చాక కూర ఏం చెయ్యాలో మాత్రం చెప్పారు. ఇప్పుడు ఈయన కూడా ఫ్లాటు నా పేరు మీదే అన్నారు. ఎందుకో పాల్ రాజు చెప్పాడు. మీ అందరికీ నా పేరు కావాలి. నేను పక్కన నిలబడితే చాలు."

సీతమ్మ ట్రే అంచు పట్టుకుని కింద కూర్చుంది.

"నా పేరు మీద పట్టా రాలేదమ్మా. పాత ఇల్లు మీ మావయ్య పేరున వచ్చింది, ఆయన జబ్బుకే పోయింది. ఆయనా పోయాడు. ఇల్లు లేదని చెప్తే, మీ కుటుంబానికి ఒకసారి ఇచ్చాం అన్నారు. ఇచ్చింది నిజమే కదా, ఏమంటాను? నీకు చెప్పాల్సింది. చెప్తే మీ అమ్మావాళ్లు వద్దంటారని భయపడ్డా." కొంచెం ఆగి, ఎటో చూస్తూ అంది. "తమ్ముడు కూడా ఎన్నాళ్లు పెట్టుకుంటాడు. ఎటూ అమ్మలేకపోతే నన్నే ఉండనీ. అద్దె ఇస్తాను. సీజన్లో షెడ్డు పని రోజూ ఉంటది. సీజనైపోయాక కొంచెం వెనకాముందు అవుద్ది, నువ్వు ఓర్చుకోవాలి."

ఆ మాటలకి హరీష్ తల పక్కకి తిప్పుకున్నాడు. ప్రసన్న మాత్రం అలాగే నిలబడింది. అత్తయ్య తనని అద్దెకి అడుగుతోందని చెవులకి తెలుస్తోంది, లోపలికి దిగడం లేదు. ఏదో ఒకటి చూడాలి కాబట్టి ఇంటిని చూసింది. పండక్కి వచ్చినప్పుడల్లా ఈ గదిలోనే భోంచేసింది, ఎప్పుడూ చూడలేదు. ఒక గది, వంటకింత చోటు, నున్నగా సున్నం వేసిన గోడలు. క్యాలెండర్ కిటికీ ఊచకి కట్టి ఉంది. చీరలకి దండెం లేదు. ట్రంకుపెట్టె మీద మావయ్య నరసింహులు ఫొటో, దండతో సహా, గోడకి ఆనించి ఉంది.

"మావయ్య ఫొటో కింద పెట్టారేంటి?"

"గోడకి మేకు కొట్టాలి కదా," అంది సీతమ్మ.

"కొట్టొచ్చుగా."

సుసన్నా అందుకుంది. "నేను చెప్పీ చెప్పీ అలిసిపోయా. మేకు నేనిస్తాను, సుత్తి నేనిస్తాను అన్నా. 'మా కోడలి ఇల్లు, గోడ పాడైతే ఏమనుకుంటదో, ఈసారి వచ్చినప్పుడు అడుగుతా' అంటది. కాలనీ మొత్తానికి తెలుసు ఇది ప్రసన్న ఇల్లని. నీకే తెలీదు కాబోలు."

"అడగలేదేం అత్తయ్యా?"

"నువ్వొచ్చినప్పుడల్లా చుట్టంలాగా చాప అంచున కూర్చుని వెళ్లిపోతావు. చుట్టాన్ని మేకు సంగతి ఎట్టా అడగను?"

బయట మామిడి లోడు ట్రాక్టరు ఒకటి రోడ్డు మీద వెళ్లిపోయేదాకా నేల కొంచెం అదిరింది.

"సుసన్నక్కా, సుత్తి తెస్తారా?" అంది ప్రసన్న.

సుత్తి వచ్చింది. మేకు హరీష్ అందుకోబోతే ఇవ్వలేదు. ఫొటో పక్కన పెట్టి, ట్రంకుపెట్టె ఎక్కి, గోడ మధ్యలో చూసుకుని కొట్టింది. జీవితంలో ఎప్పుడూ మేకు కొట్టలేదు. మూడో దెబ్బకి మేకు వంకరపోయింది, నాలుగోది బొటనవేలి మీద పడింది. అరచేతి మేర సున్నం పెచ్చు ఊడి నేల మీద పడింది. ప్రసన్న దాన్ని చూస్తూ ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన మనిషి తనే.

అప్పుడు వచ్చింది ఏడుపు. ముందు భుజాల్లోకి, తర్వాత కళ్లలోకి.

"వేలు నలిగిందత్తయ్యా," అంది.

"నలుగుద్ది మరి. చూపించు." సీతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దింపి, వేలు నోటి దగ్గర పెట్టుకుని ఊదింది. తన కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే వదిలేసింది.

"బిల్డర్ని అడ్వాన్సు అడగండి," అంది ప్రసన్న, హరీష్ వైపు చూడకుండా. "సగం ఇచ్చినా తెచ్చుకుందాం. నెలాఖరుకి ఇక్కడికి వచ్చేస్తున్నాం."

"ఈ గదిలో ముగ్గురమా?" అన్నాడు హరీష్.

"ముగ్గురమేనని ఎవరు చెప్పారు? ముందు ఇల్లనే కదా అన్నారు."

హరీష్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సుసన్నాకి ముందే అయింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సీతమ్మ ట్రేలోంచి గిన్నెలు ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టింది. రెండు తీసి ఆగి, "ఎక్కడ పెట్టమంటావు?" అని అడిగింది.

"మీ ఇష్టం అత్తయ్యా. వంటింటి గోడకి మాత్రం మేకులు మీరు కొట్టండి. నాకింక వేళ్లు లేవు."