వెన్నరంగు సీటు మీద మరక

వేడి నీళ్ల గిన్నెను రెండు చేతులతో పట్టుకుని దీపిక కారు దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. సుదర్శన్ చిన్నాన్న అన్నం తిని లోపల నిద్రపోతున్నాడు. గదిలోంచి నాన్న మగ్గం చప్పుడు వినిపిస్తోంది. దీపిక మెల్లగా కారు వెనుక తలుపు తెరిచింది.

వెన్నరంగు సీటు మీద అరచేతంత ఎర్ర మరక.

ఆ కారంటే సుదర్శన్‌కు ప్రాణం. పాతదే కొన్నాడు గానీ కొత్తదానిలా చూసుకుంటాడు. గద్వాల నుంచి అలంపూర్‌కు, కర్నూలుకు పెళ్లివాళ్లను తిప్పుతాడు. "మన సీట్లు జూసే జనం మన కారు అడుగుతరు" అని గొప్పగా చెప్పుకుంటాడు. సాయంత్రమైతే బకెట్ ముందు పెట్టుకుని, షాంపూ నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తలుపుల మీది బూటు గీతలను తుడుస్తాడు. ఎవరైనా బురద కాళ్లతో ఎక్కారా, ఇక ఆ రోజు ఇల్లు పీకి పందిరి వేస్తాడు.

అలాంటి సీటు మీద మరక చేసింది దీపికే.

సుదర్శన్ దీపికను, ఆమె స్నేహితురాలు రోజాను రోజూ కారులో ఒంటిపూట బడికి దింపి, వదిలాక మళ్లీ ఎక్కించుకుని వస్తాడు. ఇవాళ వచ్చేటప్పుడు రోజా ఎర్ర పుల్ల ఐస్ చప్పరిస్తూ ఎక్కింది. ఆమె వాళ్ల సందు దగ్గర దిగిపోయాక, రంగులద్దే లింగయ్య ఇంటి ముందు కారు ఆగింది. నాన్న నేసే చీర అంచు కోసం కుంకుమరంగు పట్టునూలు తీసుకోవాలి.

"ఇంకా తడి ఆరలేదు బిడ్డా. కవర్లకెల్లి తియ్యకు" అని లింగయ్య చెప్పాడు.

కానీ ఆ రంగు ఎంత బాగుందో! దీపిక ఆగలేకపోయింది. కవర్లోంచి నూలు కట్ట తీసింది, కాసేపు ఎండలోకి ఎత్తి మురిపెంగా చూసుకుంది, తర్వాత పక్కన సీటు మీద పెట్టి మరిచిపోయింది.

ఇప్పుడేం చేయాలి? అమ్మ బడి బట్టల మరకలను వేడి నీళ్లతోనే కదా వదిలిస్తుంది! దీపిక గిన్నెలో నీళ్లన్నీ మరక మీద పోసింది. సర్ఫ్ చల్లి, బ్రష్‌తో రుద్దింది. మరక పోలేదు. అరచేతంతది కాస్తా పళ్లెమంత అయింది.

"ఏంది గిది!"

వెనక్కి తిరిగేసరికి సుదర్శన్ నిలబడి ఉన్నాడు. దీపిక బ్రష్ వెనక్కి దాచుకుంది. నోరు తెరిచేలోపే అతనే అన్నాడు.

"రోజా ఐస్ కారబెట్టిందా?"

దీపిక తల ఊపింది.

ఒక్కసారే ఊపింది. కానీ ఊపింది.

"పాపం, నా బిడ్డ ఎండల నిలబడి కడుగుతున్నది" అని సుదర్శన్ ఆమె తల నిమిరాడు. తిట్లు తప్పినందుకు ఆమె సంతోషపడాలి. కానీ ఏడుపొచ్చింది.

మరునాడు పొద్దున రోజా సందు చివర బ్యాగు తగిలించుకుని నిలబడింది. కారును చూసి చెయ్యెత్తింది. కారు ఆగలేదు.

"చిన్నాయినా, రోజా..."

"ఆ పిల్లను మల్ల ఎక్కించుకోను. సీటు ఖరాబు జేసి చెప్పకుండ దిగిపోయింది."

దీపిక వెనక్కి తిరిగి చూడలేదు. రోజా ఆలస్యంగా, చెమటలు కక్కుతూ బడికి వచ్చింది. టీచర్ తిట్టింది.

"మీ చిన్నాయిన నన్ను సూడలేదానె?" అని ఇంటర్వెల్‌లో రోజా అడిగింది.

"సూడలేదేమో. నాకు తెల్వదు" అంది దీపిక. ఆ మాట అన్నాక డబ్బాలో పులిహోర సగం కూడా తినలేకపోయింది.

వారమంతా అంతే. రోజా నడిచి రావడం, ఆలస్యం కావడం, తిట్లు తినడం. ఇంటికి వెళ్లేటప్పుడైతే మాడ్చే ఎండ. రోజా తండ్రి యోసేపు పనికోసం పట్నం పోయాడు. తల్లి దేవమ్మ తెల్లారేసరికే మిరప కోతకు పోతుంది. దింపి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. దీపిక మాత్రం కారులో, మరక మీద పరిచిన తువ్వాలు పక్కన ముడుచుకుని కూర్చునేది.

ఆదివారం రోజా దీపిక ఇంటికి వచ్చింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, మంచి గౌను వేసుకుంది. చేతిలో బట్టల సబ్బు, పాత గుడ్డ.

"అంకుల్, నిన్న మీరు మా అమ్మతోని అన్నరంట గద, నేను ఐస్ పడేసిన్నని. నాకైతే యాదికి లేదు. తెల్వక పడ్డదేమో. నేను కడుగుత" అంది.

సుదర్శన్ కారు తలుపు తెరిచాడు. తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. రోజా సీటు మీదికి వంగి రుద్దసాగింది. గౌను చేతులు తడిసిపోయాయి. ఎంత రుద్దినా నురగే వస్తోంది గానీ మరక కదలడం లేదు.

"ఇంకొంచెం రుద్దితే పోతది అంకుల్" అంది రోజా.

"రుద్దకు రోజా!" దీపిక అరిచినంత పని చేసింది. "నువ్వు జెయ్యలేదు. నేనే జేసిన. నాయిన పట్టునూలు తడిగ ఉంటె సీటు మీద పెట్టిన. నీ పేరు చెప్తుంటే తలకాయ ఊపిన."

మగ్గం చప్పుడు ఆగింది. నాన్న మార్కండేయ బయటికి వచ్చి మరకను వేలితో తడిమాడు.

"వేడి నీళ్లు పోసినవా?"

"పోసిన నాయినా."

"లింగన్న డేగిసల నీళ్లు మసలబెట్టేది ఎందుకు బిడ్డా? పట్టుకు రంగు పట్టెటందుకే గద. వెంటనే చల్లనీళ్లతోని అద్ది ఉంటే ఇంతో అంతో పోతుండె. ఇగ ఇది పోదు."

దీపిక పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే. భయంలో తట్టలేదు.

సుదర్శన్ మొహం చిన్నబోయింది. "ఒక్క మాట ఆ పిల్లను అడగకుండ వాళ్లమ్మను అంటి" అని నేలచూపులు చూస్తూ అన్నాడు. "తప్పైంది రోజా. మీ అమ్మకు గూడ వచ్చి చెప్త."

రోజా చేతులు కడుక్కుంది. సబ్బు, గుడ్డ తీసుకుంది. దీపిక వైపు ఒక్కసారి కూడా చూడకుండా వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున సందు చివర కారు ఆగింది.

"ఎక్కు బిడ్డా" అన్నాడు సుదర్శన్.

"వద్దంకుల్. నడిచి పోత" అని రోజా నడక సాగించింది.

దీపిక తలుపు తెరిచి దిగింది. "నువ్వు పో చిన్నాయినా. నేను గూడ నడుస్త."

ముందు రోజా, వెనుక దీపిక. "రోజా, జర ఆగు" అని దీపిక పిలిచింది. రోజా ఆగలేదు. పెట్రోల్ బంకు దాటారు. కూరగాయల బండ్లు దాటారు. బడి గేటు కనబడుతుండగా రోజా వెనక్కి తిరగకుండానే అంది.

"ఆ పొద్దే నాకు చెప్తే, ఇద్దరం గలిసి కడుగుతుంటిమి గద."

అది నిజం. రోజా అలాంటి పిల్లే.

వాళ్లు వెళ్లేసరికి బడిలో ప్రార్థన అయిపోయింది. తరగతి గుమ్మంలో టీచర్ రోజానే ముందు చూసింది.

"రోజా, ఇయ్యాల గూడ లేటేనా? నీకు రోజూ చెప్పాల్నా?"

క్లాసులో పిల్లలు కిసుక్కున నవ్వారు. రోజా తల దించుకుంది.

దీపిక ఆమె పక్కకు వచ్చి నిలబడింది. అందరికీ వినబడేలా చెప్పింది.

"టీచర్, రోజా వారం నుంచి లేటుగ వచ్చేది నా వల్లనే. నేను తప్పు జేసి ఆమె మీద పడనిచ్చిన. ఆమెను తిట్టకుండ్రి, టీచర్. ఏం జరిగిందో నేను చెప్త."