ఇందుమతి గారి కొత్త టాబ్

డాక్టర్ నఫీసా బ్రౌజరులో కొత్త టాబ్ నొక్కింది. మోకాళ్ల నూనె, పసిపిల్లల పేర్లు, చేపల గాలాలు, పాలకొండ బదిలీ ఫారం అన్నీ ఒకేసారి తెర మీదికి వచ్చాయి. వెనక వాల్‌పేపరుగా సముద్రం, అందులో తేలుతూ ఒక ఉయ్యాల.

"ఇవన్నీ మీవేనా ఇందుమతి గారూ?" అని అడిగింది డాక్టర్.

చీరాల నీటి నమోదు కార్యాలయంలో నలుగురు ఉద్యోగులూ ఊపిరి బిగబట్టారు.

ఇది 2043. వెనకటి రోజుల్లో కొత్త టాబ్ పేజీని ఎవరిది వాళ్లే అలంకరించుకునేవాళ్లు. బొమ్మ మార్చుకోవడం, రోజూ చూసే సైట్లకు షార్ట్‌కట్లు పెట్టుకోవడం, అక్కర్లేని వార్తలు తీసేయడం, అంతా చేతిపనే. కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేట్ చేసిన నఫీసా ఆ శ్రమ తప్పించింది. మానిటర్ నెత్తిన కందిగింజంత కెమెరా పెట్టింది. మన చూపు దేని మీద ఎంతసేపు ఆగిందో అది కొలుస్తుంది. చూపు ఆగినవాటిని మర్నాటికి పేజీలో పైకి తెస్తుంది, మిగతావాటిని కిందికి తోసేస్తుంది. అయితే ముఖాలు గుర్తుపట్టడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని ఏ లాగిన్‌తో తెరిస్తే ఆ మనిషే చూస్తున్నాడనుకుంటుంది. మన ఆఫీసుల సంగతి పాపం దానికేం తెలుసు!

ఈ ఆఫీసులో నలుగురికీ నాలుగు లాగిన్లు ఉన్నాయి. అందులో మూడింటి పాస్‌వర్డులు ఎప్పుడో మర్చిపోయారు. ఇందుమతిది మాత్రం చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించారు. రెండేళ్లుగా అందరి పనీ దాంతోనే. తన యంత్రం ఎలా పనిచేస్తోందో చూడ్డానికి డాక్టర్ వస్తోందని ఆ చీటీ పొద్దున్నే పీకేశారు. సంగతి బయటపడితే నలుగురూ సస్పెండవుతారు.

ఇందుమతి గుబులు ఇంకా పెద్దది. ఆమె భర్త, ఐదేళ్ల కూతురు పాలకొండలో ఉంటున్నారు. అక్కడి కార్యాలయంలో ఒకే ఒక్క ఖాళీ ఉంది. దానికి ఆమె పెట్టుకున్న దరఖాస్తు ఈ నెలలోనే తేలుతుంది. సస్పెండయితే అదీ గోవిందా.

సూపరింటెండెంట్ పేరయ్య గారు మోకాళ్లు రుద్దుకుంటూ ఆమె వంక దీనంగా చూశారు. కడుపుతో ఉన్న తాయారుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలాల మస్తానయ్య ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు.

"నావేనండీ," అంది ఇందుమతి.

"మోకాళ్ల నూనె కూడానా?"

"మెట్లెక్కితే పట్టేస్తన్నాయండీ."

"పిల్లల పేర్లు?"

"మా ఆడబిడ్డకి నెలలు నిండాయండీ."

"మరి గాలాలు?"

"ఆదివారాలు సముద్రం ఒడ్డున కూర్చుంటానండీ. మనసు కుదుటపడుద్ది."

ఆ మాట అంటుంటే ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. కూతుర్ని చూడటానికి పోయి రావడంలో ఆమె ఆదివారాలన్నీ రైళ్లలో, బస్సుల్లో గడిచిపోతాయి.

నఫీసా ముచ్చటపడి అంతా రాసుకుంది. "రోజుకి పదకొండు గంటలు తెర ముందే ఉంటున్నారు! ఇంత పని చేసే మనిషిని మా యంత్రం ఎక్కడా చూడలేదు. మిగతా ముగ్గురి పేజీలు ఖాళీగా ఉన్నాయేం?"

"మేం పాతకాలపోళ్లం తల్లీ. మాదంతా కాగితం మీదే," అన్నారు పేరయ్య గారు.

డాక్టర్ వెళ్లగానే తాయారు ఇందుమతిని కావలించుకుంది. మస్తానయ్య మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. "నువ్వు మా పాలిట దేవతవమ్మా," అన్నారు పేరయ్య గారు. చీటీ మళ్లీ మానిటర్ అంచుకు ఎక్కింది.

పదిహేను రోజులకు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. పేరయ్య గారు పైకి చదివారు.

"ఈ కార్యాలయంలో పనంతా శ్రీమతి ఇందుమతి ఒక్కరే చేస్తున్నట్టు డాక్టర్ నఫీసా నివేదిక వల్ల తేలింది. కనుక ఇక్కడ ఆమె ఒక్కరు చాలు. ఆమె సేవలు ఇక్కడ తప్పనిసరి కాబట్టి ఆమె బదిలీ దరఖాస్తును తిరస్కరించడమైనది. మిగతా ముగ్గురినీ ఖాళీలున్న చోట్లకు బదిలీ చేయడమైనది."

తాయారును ఒంగోలు వేశారు. అది ఆమె పుట్టినూరు. సంతోషం కనపడకుండా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. మస్తానయ్యకు అనంతపురం, సముద్రం వాసనైనా తగలని చోటు. ఆ తర్వాతి పేరు దగ్గర పేరయ్య గారు చదవడం ఆపేశారు.

"మీకెక్కడేశారండీ?" అని అడిగింది ఇందుమతి.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"సోమవారం బయల్దేరతానమ్మా," అన్నారు మెల్లగా. "మీ పాపకి ఏవన్నా పంపాలంటే ఇయ్యి, తీసుకెళ్లి ఇచ్చేస్తా."