గోవిందప్ప ఇంటి బీగంచెవులు

ధర్మవరంలో మా మగ్గాల వీధి కొసాన గోవిందప్ప ఇల్లుండాది. పొద్దు మునిగితే ఆ పక్కకు మనిషనేవాడు పోడు. నేను ఎదురింటోన్ని, ఎర్రప్పను. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు... చెప్పేది మాత్రం ఆపను.

గోవిందప్ప మగ్గం మీదనే గుండె ఆగి సచ్చిపోయినాడు. గుంత మగ్గం అది. నేలలో గుంత తీసి, అందులోకి కాళ్ళు దించి కూర్చోని నేసేది. దాన్ని అట్లే వదిలేసి ఆయన పెండ్లాం హేమావతి బాడుగింటికి మారిపాయె. కూతురు రేఖకు అనంతపురంలో నర్సింగు సీటొచ్చింది. ఇల్లు అమ్మి, దసరా సెలవులు అయిపోయేలోపల ఫీజు కట్టల్ల. కట్టకుంటే సీటు పాయె. ఆ యమ్మకు వేరే దారి లేదు.

కదిరి నుంచి చంద్రమోహన్ అని ఒకాయన వచ్చి ఇల్లు చూసి మెచ్చినాడు. కానీ ముందర పెద్దల పక్షం. సచ్చినోళ్ళకు అన్నం పెట్టే ఆ పదహైదు దినాల్లో యెవడన్నా ఇల్లు కొంటాడా?

"అమావాస్య పోనీమ్మా. తెల్లారే వచ్చి అడ్వాన్సు ఇస్తా" అని చెప్పి పోయినాడు.

సరిగ్గా ఆ దినాల్లోనే మగ్గం ఆడబట్టింది.

రాత్రి పది దాటితే చాలు... టక్... టక్... మనిషి లేని ఇంట్లో! వీధిలో ఒక్కొక్కరే దీపాలార్పి, దుప్పటి కప్పుకోని పండుకుంటాంటిమి.

పొద్దున్నే గోవిందప్ప తమ్ముడు పాపన్న మా అరుగు మీద కూర్చోని బీడీ ముట్టిస్తాడు. "మాయన్నేనప్పా. ఇల్లు అమ్మేది ఆయనకు ఇష్టం లేదు" అంటాడు. ఆ ఇల్లు సగం ధరకు తనకే ఇమ్మని వదినను పీక్కతినింది వీడే.

ఒక రాత్రి లోపల్నుంచి దగ్గు ఇనపడింది.

"అచ్చం నీ దగ్గే కదరా పాపన్నా" అంటి తెల్లారినాక.

వాని మొగం మాడిపాయె. మళ్ళా గొంతు తగ్గించి, "అన్నదమ్ములం, గొంతు ఒకటే గదన్నా. రేపు అది నా పేరు చెప్పి పిలిచినా తలుపు తీయొద్దండి... తీసినోడు నెత్తురు కక్కుతాడు" అన్నాడు. అదే మాట వీధంతా చాటినాడు. థూ! మేమూ నమ్మితిమి.

అమావాస్య రాత్రి హేమావతి మొగునికి అన్నం, వడలు, కొత్త పంచె తెచ్చింది. లోపల ఆకు వేసి, దీపం పెట్టి, చెంబుతో నీళ్ళుంచి తలుపు మూసింది. పెద్దలు తినేటప్పుడు మనిషి చూడగూడదు, అది మా ఆచారం. ముందర వాకిలికి బీగం వేసి, చుట్టూ తిరిగి పోయి, ఇన్ని దినాలు బీగం లేని వెనక వాకిలికి గూడా కొత్త బీగం వేసి వచ్చింది.

రెండు బీగంచెవులు నా చేతిలో పెట్టింది. "అన్నా, కడపటి బస్సుకు అనంతపురం పోయి రేఖను పిల్చుకొస్తా. అవసరం పడితే... పదిమందిని పెట్టుకోని బీగం ఇప్పు" అని గుసగుసగా చెప్పింది.

ఆమె పోయిన గడియకు ఆ ఇంటి తలుపు లోపల్నుంచి దబదబ మోగింది.

"ఎర్రప్పన్నా! నేను పాపన్నను... పాము కరిచిందన్నా... తీయన్నా!"

వీధంతా వచ్చి నిలబడింది. ఒక్క కాలు ముందుకు పడలేదు. పక్కింటి రామసుబ్బమ్మ వేపమండ తెచ్చి గడపకు అడ్డం పెట్టింది. నాకే మనసొప్పక పాపన్న ఫోనుకు కొడితి. వాని పెండ్లాం ఎత్తింది.

"నిద్రపోతాండాడన్నా" అనింది.

యెవరడిగినా అట్లే చెప్పమని వాడు రోజూ పెండ్లానికి చెప్పి పోతాండెనంట. అది మాకు తెల్లారినాక తెలిసింది. అప్పుడు మాత్రం, పాపన్న ఇంట్లో పండుకోనుంటే ఈ అరిచేది యెవరు... అని అందరం ఇంకో అడుగు యెనక్కేస్తిమి.

"నీళ్ళయినా ఇయ్యండప్పా... నేను నిజంగా పాపన్ననే..."

బీగంచెవులు నా అంగీ జేబులోనే ఉండాయి. వాటి మీద చెయ్యి పెట్టుకోని నిలబడితి. గొంతు సన్నబడింది. తలుపు మీద గోళ్ళ గీరుడు సన్నబడింది. కోడి కూసే యాళకు అంతా ఆగిపాయె.

"తినిపోయినాడు" అనింది రామసుబ్బమ్మ. అందరం ఇండ్లకు పోతిమి.

పొద్దున చంద్రమోహన్ కారు, హేమావతి ఎక్కిన బస్సు ఒకే తూరి వచ్చినాయి. ఆమె బీగంచెవులడిగి తీసుకుంది. తలుపు లోపలికి పోలే. అడ్డం పాపన్న బిగుసుకపోయి పడుండాడు. గోళ్ళు చీలిపోయిండాయి. ఆకులో అన్నం అట్లే ఉండాది, చెంబులో నీళ్ళు మాత్రం లేవు. మగ్గం గుంతలో కట్లపాము చుట్టుకోని ఉండె.

చంద్రమోహన్ మాట్లాడకుండా కారు తిప్పుకోని పోయినాడు. సెలవులైపాయె. రేఖ ఇప్పుడు రామసుబ్బమ్మ ఇంట్లో పట్టు చుడతాంది. ఆ ఇంటిని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు.

మొన్న హేమావతి ఎదురుపడితే నోరాగక అడిగితి: "ఆ దినం వెనక వాకిలికి కొత్త బీగం ఎందుకు వేస్తివమ్మా?"

"మా మరిదేనని నాకు ముందే అనుమానమన్నా. ఆకు వేస్తాంటే గుంతలోంచి బీడీ వాసనొచ్చింది. మా ఆయన బీడీ ముట్టింది యాడ? పదిమందిలో వాన్ని బయటికి లాగితే దయ్యం మాట పోతాది, ఇల్లు అమ్ముడుపోతాది అనుకుంటి."

నా మొగమే చూస్తా నిలబడింది. నేను తలెత్తలేకపోతి.

"బీగంచెవులు నీకిచ్చిపోతి గదన్నా... నువ్వు తీస్తావనుకుంటి."