జ్బిగ్నియెవ్ పేరు రోజు

1938 మార్చి 17. గ్దీనియా రేవు వీధి, మూడో అంతస్తు. సాయంత్రం అయిదుకి పది నిమిషాలు.

చీఫ్ ఆర్డరు ఒక్క ముక్కే: "లియోనా అయిదున్నర ఓడ ఎక్కకూడదు."

ఎక్కితే ఆమె లిప్‌స్టిక్ గొట్టంలోని మైక్రోఫిల్మ్ సరిహద్దు దాటుతుంది. రేవు రక్షణ మ్యాపు మొత్తం అందులోనే ఉంది. నిన్నటిదాకా ఆమె తమ డిపార్ట్‌మెంటు మనిషే అనుకున్నారు. ఆమెతో పనిచేసినవాళ్ళలో ఆమె ముఖం గుర్తుపట్టగల ఏజెంటు ఒక్కడే బతికి మిగిలాడు. వాడి నోరు మూయించి ఓడ ఎక్కాలని వచ్చిన లియోనా పిస్తోలు ఇప్పుడు వాడి గుండెకి గురిపెట్టి ఉంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు, పదకొండు దొంగ పేర్లు, ఇప్పటిది జ్బిగ్నియెవ్. అతనికి భయం కంటే నిద్రే ఎక్కువ వస్తోంది.

"అరిచావో, చచ్చావన్నమాటే జ్బిగ్నియెవ్!"

"అరిచే ఓపిక ఎక్కడిది తల్లీ? ఇంతకీ ఈ పేరుకి అర్థం తెలుసా నీకు?"

ఆమె నవ్వింది. "మా ట్రైనింగులో అన్నీ బట్టీ పట్టించారు. 'జ్బి' అంటే వదిలించుకోవడం, 'గ్నియెవ్' అంటే కోపం. కోపం వదిలించుకున్నవాడు. ఎప్పటిదో రాకుమారుడి పేరు. చాలా?"

"ఫుల్ మార్కులు. క్యాలెండరే నేర్పలేదు పాపం."

గడియారం అయిదు కొట్టింది. గడియ వేయని తలుపు తోసుకుని పొరుగింటి బ్రొనిస్లావా గసగసాల కేకుతో వచ్చేసింది. వెనకే మెట్ల నిండా జనం. పిస్తోలు చటుక్కున హ్యాండ్‌బ్యాగులోకి పోయింది.

"ఎవర్ని పిలిచావ్?" లియోనా పళ్ళు కొరికింది.

"ఇక్కడ క్యాలెండర్లో ప్రతి పేరుకీ పుట్టినరోజులాంటి ఓ పండగ రోజుంటుంది, ఇవాళ జ్బిగ్నియెవ్‌ది. పేరు రోజుకి పిలుపులేమిటి? వాళ్ళే వస్తారు."

"నూరేళ్ళు బతుకు నాయనా!" బ్రొనిస్లావా మూడు ముద్దులు పెట్టింది. "ఇంత చక్కని పిల్లని దాచావురా దొంగా! వెళ్తానంటావేంటమ్మాయ్, కేకు ముట్టకుండానా? కూర్చో!"

ఒక చేతిలో కార్నేషన్ పూలు, ఇంకో చేతిలో వోడ్కా గ్లాసు, ఒళ్ళో ప్లేటు. లియోనా లేవబోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఆప్యాయంగా కూర్చోబెట్టేశారు. ఆఖరికి ట్యులిప్ పూలతో చీఫ్ పంపిన ఇద్దరు అపరిచితులు వచ్చారు. పూల కింద బేడీలున్నాయి. కిటికీ అవతల ఓడ కూత వేసి కదిలింది.

అందరూ వెళ్ళాక ఏజెంటు గ్లాసులు కడుగుతూ కూర్చున్నాడు. తన అసలు పేరు రోజు జనవరిలోనే అయిపోయింది, ఒక్క మనిషి రాలేదు. వచ్చేందుకు ఆ పేరు ఎవరికి తెలుసు గనక! అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే లోపలికొచ్చిన చీఫ్ కొత్త పాస్‌పోర్టు బల్ల మీద పడేశాడు. "రేపట్నుంచి నువ్వు కాజిమియెష్."

"అంటే శాంతిని పాడుచేసేవాడు," అని గొణుక్కుంటూ అతను గోడ క్యాలెండరు తిప్పి చూశాడు. కాజిమియెష్ రోజు మార్చి నాలుగు.

"రెండు వారాల ముందు ఇచ్చి చావొచ్చుగా సార్, ఇంకో కేకు తినేవాణ్ణి."