నాలుగో వ్యూ పాయింట్

మలుపు తిరగగానే సుజనకు మొదట కనబడినవి బూట్లు. ఎర్రమట్టి అంటిన తెల్ల బూట్లు, అక్క పేరున నిలబెట్టిన రాతి మీద.

బూట్లలో ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోనుతో. కింద ఇద్దరు స్నేహితులు "ఇంకొంచెం పక్కకి, లోయంతా పడాల" అని అరుస్తున్నారు. దారి పక్కన పెడళ్లున్న మూడు ఎలక్ట్రిక్ బైకులు స్టాండు వేసి ఉన్నాయి. రాతికంతా ఆకుపచ్చ పెయింటు. దాని మీద తెల్లని అక్షరాలు: "వ్యూ పాయింట్ 4".

సుజన చేతిలో నూనె గిన్నె, పసుపు పొట్లం ఉన్నాయి. ఆమె ఆ కొండ మీది గుండ్లకోన పిల్ల. కింద పూతలపట్టు దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతుంది. తరగతిలో గొంతు పెంచే అలవాటు లేదు. అప్పుడూ పెంచలేదు.

"దిగు."

కుర్రవాడు దిగిపోయాడు. ఎందుకు దిగాడో అతనికే తెలియలేదు.

"ఈ రంగు ఎవరు కొట్టినారు?"

"నేనే మేడమ్." వెనక నాలుగో బైకు మీద వచ్చినవాడు హెల్మెట్ తీశాడు. ముఖమంతా చెమట, నవ్వు. "మునికుమార్. ఈ బైకు ట్రైల్‌కి కంపెనీ గైడ్‌ని. కలర్ బాగుండాదా?"

"తుడిచెయ్."

"ఎనామెల్ పెయింట్ మేడమ్. అయిదేండ్లు గ్యారంటీ."

"నీ గ్యారంటీ నాకెందుకు? ఇదేమనుకున్నావు నువ్వు?"

"ఏదో పాతకాలం బెంచీ అనుకున్నా. కొంచెం ఎత్తుగా కట్టేసినారు. అప్పటి మనుషులు పొడుగేమో."

కుర్రవాళ్లు నవ్వారు. సుజన నవ్వలేదు.

"పాతకాలం కాదు. రెండేండ్లయింది దీన్ని నిలబెట్టి."

నూనె రాయకుండానే ఆమె వెనక్కి తిరిగింది.

"మేడమ్, తప్పేదన్నా చేసుంటే చెప్పండి!"

"రంగు కొట్టకముందు అడిగుంటే చెప్పేదాన్ని."

దాన్ని గుండ్లకోనలో సుమైతాంగి అంటారు. రెండు నిలువు రాళ్లు, వాటి మీద ఒక అడ్డరాయి, మనిషి భుజం ఎత్తు. తలమీద మోపుతో కొండెక్కే మనిషి ఇంకొకరి సాయం లేకుండా బరువు దింపుకుని, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తుకోవడానికి వీలుగా ఉంటుంది. కడుపుతో ఉండగా పోయిన ఆడమనిషి పేరున దాన్ని నిలబెడతారు. ఆమె దింపుకోలేని బరువును దారిన పోయేవాళ్లు తలా కొంచెం దింపుతారని నమ్మకం.

పెద్ద కూతురు జయంతి పేరున సుజన నాయన సుందరరాజు ఆ రాయి నిలబెట్టినప్పుడు ఊళ్లో కొందరు నవ్వారు. ఈ కాలంలో తలమీద మోపు ఎవరు మోస్తారు? పొలాలూ తోటలూ కొండ కిందనే; గడ్డి మోపెడ్ మీద, మామిడికాయలు ట్రాక్టర్‌లో అటునుంచి అటే పోతాయి. వాళ్లన్నది నిజమే. ఇన్నాళ్లలో ఆ రాతి మీద ఒక్క బరువు కూడా దిగలేదు. తల్లి తిరుమలమ్మ అయితే ఆ మలుపు వైపే రాదు, చుట్టుదారిలో పోతుంది.

మొదట దానిమీదికి ఎక్కినవి ఆ బూట్లు. సుజనకు కోపం ఆగలేదు.

మరుసటి ఆదివారం ఆమె వచ్చేసరికి మునికుమార్ రాతి ముందు మోకాళ్ల మీద కూర్చుని వైరు బ్రష్షుతో గీకుతున్నాడు.

"గ్యారంటీ నిజమే టీచరమ్మా. ఒక పట్టాన వదలడంలే."

"నేను టీచరని ఎవరు చెప్పినారు?"

"'దిగు' అన్నప్పుడే తెలిసిపోయింది. ఆ పిల్లోడు ఇప్పుడు కుర్చీ ఎక్కాలన్నా భయపడతా ఉండాడంట."

పెదవి చివర నవ్వు వచ్చింది. దాన్ని రానిచ్చినందుకు సుజనకు తనమీదే కోపం వచ్చింది.

అతను బ్రష్షు కింద పెట్టాడు. "ఊళ్లో అడిగినా. అక్క సంగతి చెప్పినారు. తెలీక చేసినా, అయినా తప్పే."

"రంగు సంగతి వదిలెయ్. ఈ దోవ వేసేదానికి మీ కంపెనీకి ఎన్నాళ్లు పట్టింది?"

"రెండు నెలలు."

"రెండు నెలలు." ఆమె ఆ మాటను నెమ్మదిగా పలికింది. "ఈ దోవ కావాలని నాయన ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినాడు. అంతా బండ, కుదరదన్నారు. అక్కకు నొప్పులొచ్చిన పొద్దు అంబులెన్స్ కిందనే నిలబడిపోయింది. మంచానికి తాళ్లు కట్టి మోసుకుని దిగినాము. అక్క ఈ మలుపు దాకానే వచ్చింది."

మునికుమార్ కిందికి దిగే దోవను చూశాడు.

"ఊరి మనిషి బతికేదానికి కుదరని దోవ, ఆదివారం ఫోటోలు తీసుకునేదానికి ఎట్ల కుదిరిందప్పా? బండ మెత్తబడిందా?"

అతను చేతికంటిన ఆకుపచ్చ పొడిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"జీతానికి పని చేసేవాణ్ణి, నాకేం తెలుసు అనొచ్చు," అన్నాడు చివరికి. "అనను."

మళ్లీ బ్రష్షు తీసుకున్నాడు. సుజనకు అతనిలో మొదటిసారి నచ్చింది అదే. నచ్చిందని కోపం ఇంకొంచెం పెరిగింది.

ఆదివారాలు గడిచాయి. అతను గీకుతాడు, ఆమె తప్పులు పడుతుంది.

"ఆ మూల వదిలేసినావు."

"ఇప్పటికి ఎన్ని మార్కులు టీచరమ్మా?"

"నూటికి నలభై."

"పాసయినా కదా!"

"అత్తెసరు పాసు."

ఒకసారి ఉన్నట్టుండి వాన పట్టుకుంది. లోయలోని మామిడితోటలు ఒక్కొక్కటే తెల్లటి తెర వెనక్కి జరిగిపోయాయి. మునికుమార్ తన రెయిన్‌కోటు విప్పి బైకు బ్యాటరీ మీద కప్పాడు.

"బైకు తడవకూడదు, మనిషి తడిస్తే పరవాలేదా?" అంది సుజన తన గొడుగు కిందనుంచి.

"నాకు ఛార్జింగ్ ఫుల్లుగా ఉండాది."

గొడుగు అతని వైపు కొద్దిగా జరిగింది. ఇద్దరూ ఆ సంగతి గమనించనట్టే వానను చూస్తూ నిలబడ్డారు.

ఒక బుధవారం స్కూలు వదిలే వేళకు నాయన ఫోను చేశాడు.

"పాపా, రాతిని పెరికి కింద బైకుల గేటుకాడ షోకుకు పెడతారంట. జేసీబీ వచ్చిండాది. ఆ మునికుమార్ కూడా ఈడనే ఉండాడు."

ఆమె మిగతా మాటలు వినలేదు. ఆటోలో గేటు దాకా వచ్చి, ఏటవాలుకు ఆటో ఆలస్యమవుతుందని అక్కడున్న ఎలక్ట్రిక్ బైకులలో ఒకటి తీసుకుంది. కాపలా మనిషి "బుకింగ్ ఉండాదా మేడమ్?" అన్నాడు. ఆమె చూపు చూసి తప్పుకున్నాడు.

జీవితంలో ఎప్పుడూ ఆ బండి నడపలేదు. తొక్కిన కొద్దీ అది వెనకనుంచి ఎవరో నెడుతున్నట్టు పైకి పోయింది. ఒక పక్క ఎర్రబండలు, ఇంకో పక్క లోయ, ఎండలో మెరిసే చెరువు. ఎంత అందంగా ఉంది! మంచం మోసుకుని పడుతూ లేస్తూ దిగిన ఏటవాలు ఇదేనా? ఇంత తేలికా? ఆమెకు ఏడుపు రాలేదు. ఇంకా గట్టిగా తొక్కింది.

రాయి ఇంకా నిలబడే ఉంది. దాని ముందు ఇంజన్ ఆపిన జేసీబీ, నాయన, కంపెనీ సూపర్‌వైజర్ ధర్మేంద్ర. మునికుమార్ లేడు.

"యాడ ఆ పెద్దమనిషి?" సుజన గొంతు కొండకు తగిలి తిరిగి వచ్చింది. "నలభై మార్కులు వేసినందుకు సిగ్గుపడతా ఉండా! పారిపోయినాడా?"

"అరవద్దు పాపా," అన్నాడు సుందరరాజు. "జేసీబీకి అడ్డం పడుకున్నది ఆ పిల్లోడే."

ధర్మేంద్ర విసుగ్గా గడియారం చూసుకున్నాడు. "ఊరివాళ్లు వాడేదేదీ కదిలించబోమని పంచాయతీలో ఒప్పుకున్న మాట నిజమేనమ్మా. కానీ దీన్నెవరు వాడతా ఉండారు? ఒక్కరిని సూపించమన్నా. ఇప్పుడే సూపిస్తా అని కిందికి ఉరికినాడు."

కాసేపటికి చుట్టుదారి వైపునుంచి ఒక గడ్డిమోపు కదిలి వచ్చింది. దాని కింద మునికుమార్. మెడ ఒక పక్కకు, కాళ్లు ఇంకో పక్కకు పోతున్నాయి. ముఖం కందిపోయింది. రాతి దగ్గరికి వచ్చి, ఒక్కసారి ముందుకు వంగాడు. మోపు తలమీదనుంచి జరిగి సరిగ్గా అడ్డరాతి మీద కూర్చుంది.

ఎవరూ చెయ్యి వేయలేదు. ఎవరి చెయ్యీ అవసరం కాలేదు.

"ఈ ఎత్తు ఎందుకు పెట్టినారో ఇప్పుడు తెలిసింది," అన్నాడు రొప్పుతూ.

అతని వెనక తిరుమలమ్మ ఉంది, తలమీద చిన్న మోపుతో. ఆమె ధర్మేంద్రను చూడలేదు, జేసీబీని చూడలేదు. రాతి దగ్గరికి వచ్చి తన మోపును మొదటి మోపు పక్కన దింపింది. రెండు అరచేతులూ రాతికి ఆనించింది.

"కొంచేపు పెట్టుకోమ్మా," అంది.

సుందరరాజు ముఖం తిప్పుకున్నాడు. సుజన భుజానికున్న సంచీ తీసింది. నిండా పరీక్ష పేపర్లు. దాన్ని కూడా రాతి మీద పెట్టింది.

ధర్మేంద్ర వెనక్కి పొమ్మని డ్రైవరుకు చెయ్యి ఊపాడు. జేసీబీ వెనక్కి తిరిగి దిగిపోయింది.

"నీ ఉద్యోగం?" అని సుజన అడిగింది.

"ఉండాదో పోయిందో సోమవారం తెలుస్తాది. దోవ మాత్రం నేను చూసుకుంటా. వానకు కోసుకుపోనీను. ఇంకెప్పుడూ అంబులెన్స్ కింద నిలబడకూడదు." అతను తల మీది గడ్డిపోచలు దులుపుకున్నాడు. "కోపం తగ్గిందా టీచరమ్మా?"

"తగ్గలే. తగ్గదు కూడా. అది దోవ ఇయ్యనోళ్ల మీద."

"నామీద?"

ఆమె అతని భుజం మీద మిగిలిన గడ్డిపోచను తీసి పారేసింది. అతను సుందరరాజు వైపు తిరిగాడు.

"మా అమ్మను తిరుపతినుంచి పిలుచుకుని రావాలనుకుంటా ఉండా. మీతో మాట్లాడేదానికి."

సుందరరాజు కూతురి ముఖం చూశాడు. అక్కడ ఉన్నదేదో చదువుకున్నాడు. "పిలుచుకురా నాయనా. బైకు మీద కాదు, ఆమెకు నడుము నొప్పి పుడతాది. ఆటోలో రా. ఇప్పుడు దోవ ఉండాది కదా."

పొద్దు వాలుతోంది. మునికుమార్ మోపు కిందికి తల పెట్టి సిద్ధమయ్యాడు. సుజన పక్కకు వచ్చింది.

"సాయం అక్కర్లేదు, రాయి ఉండాది," అన్నాడు.

"తెలుసు," అని సుజన మోపుకు చెయ్యి వేసింది.