తలుపు దగ్గరి రాయి

వాళ్ళ నాన్న తెచ్చిన ఆఖరి రాయిని నేను పాడుచేసిన రోజే ఆమెతో మొదటిసారి మాట్లాడాను.

ల్యాబ్‌లో రాళ్ళు పొడి కొట్టే పని నాది. అక్కడే పరిశోధన చేసే ఆమె ఇచ్చిన, ఆకుపచ్చ గింజలున్న నల్లటి అగ్నిపర్వతపు రాయిని ఎప్పటిలాగే మిల్లులో వేశాను. ఆ మిల్లు గిన్నె టంగ్‌స్టన్‌ది. ఆమె ఆ రాయిలో కొలవాల్సిందీ టంగ్‌స్టనే. గిన్నె నుంచి రాలింది పొడిలో కలిసిపోయింది.

"చీటీ చదవడం రాదా మీకు? పింగాణీ గిన్నె అని రాశాను కదా!"

"చీటీ ఊడిపోయింది మేడమ్. అయినా అడగాల్సింది. తప్పు నాదే."

ఇంకా అరుస్తుందనుకున్నాను. పొడి ఉన్న డబ్బాకు మూత పెట్టింది.

"నాన్న పోయి ఏడాది. ఈ రాయి దొరికిన చోటును కొత్త లావా కప్పేసింది. ఇక దొరకదు."

భూమి పుట్టిన కొత్తలో లోతుకు దిగిపోయిన పదార్థం ఆ రాయిలో ఉందని ఆయన నమ్మకం. అందులో టంగ్‌స్టన్ ఐసోటోపు ఒకటి మామూలు రాళ్ళలోకన్నా తక్కువుంటే ఆయన మాట నిజం. బతికుండగా ఎవరూ వినలేదు.

ఆదివారం క్షమాపణ చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ తలుపు తీసి, అది గాలికి కొట్టుకోకుండా కాలితో ఒక రాయిని అడ్డం జరిపారు. నల్లటి రాయి, మధ్యలో అవే ఆకుపచ్చ గింజలు. నేను మెట్ల మీదే వంగి దాన్ని పట్టుకున్నాను.

"ఏమైంది బాబూ, కళ్ళు తిరిగాయా?"

"ఈ రాయి ఎక్కడిదండీ?"

"ఆయన ఆఖరిసారి అగ్నిపర్వతం దగ్గర్నుంచి తెచ్చిందే. ఇల్లంతా రాళ్ళేనా అని విసుక్కుంటే, దీనికైనా ఒక పని చెప్పమన్నారు."

ఆమె లోపల్నుంచి పరుగున వచ్చింది. "రోజూ దీన్ని దాటుకుంటూనే తిరిగాను!"

"దీనికి చీటీ అంటించలేదుగా మేడమ్!"

ఏడుస్తూనే నవ్వింది.

ఈసారి మిల్లు ముట్టుకోలేదు. ప్లాస్టిక్‌లో చుట్టి పగలగొట్టి, పింగాణీ గిన్నెలో మూడు రోజులు నూరాను. లోహమేదీ తగలకూడదని ఆమె పక్కనే కాపలా.

"ఉంగరం తీశావా?"

"ఉంటేగా తీయడానికి!"

"వస్తుందిలే," అంది తల దించుకుని.

కొలిస్తే అంకె తక్కువే వచ్చింది. మూడుసార్లు కొలిచినా తక్కువే. ఆ అంకెలున్న కాగితాన్ని వాళ్ళమ్మ ఎదురింటావిడకు కూడా చూపించి వచ్చారు.

"మా ఆయన మాటే నెగ్గింది," అన్నారు. తర్వాత నావైపు చూసి, కూతురితో అన్నారు. "అబ్బాయికి రాయిని ఇచ్చాం. ఇక నిన్నడుగుతాడు కాబోలు."

"అడగనీ అమ్మా. చీటీలు చదువుతానంటే ఆలోచిస్తాను."

"చదువుతాను," అన్నాను.

పరిశోధన వ్యాసంలో మొదటి పేరు వాళ్ళ నాన్నదే. మా పెళ్ళి తేదీ కుదిరింది. ఆ ఇంటి తలుపు మాత్రం గాలికి కొట్టుకుంటూనే ఉంది. దానికి ఇంకో రాయి ఇంకా పెట్టలేదు.