ఇంకా రాని రైలులో పక్క సీటు

“మీరు ఎప్పుడు దిగారు?”

అద్దాల షాపు గుమ్మంలో నిలబడి, మెడలో ఐడీ కార్డు సర్దుకుని, ట్రైనింగులో నేర్పిన నవ్వు మొహానికి తగిలించుకుని, “నమస్కారమండీ, హైస్పీడ్ రైలు మీద మీ అభిప్రాయం...” అని నేను మొదలుపెట్టేలోపే ఆ అమ్మాయి అడిగిన మాట అది.

“ఎక్కడ్నుంచండీ?”

“రైల్లోంచి.”

“నేను బస్సులో వచ్చానండీ. అది కూడా నిలబడి. కావాలంటే నా చొక్కా నలుగుడు చూడండి.”

ఆ అమ్మాయి నవ్వలేదు. మొహం తెల్లగా పాలిపోయింది. చేతిలో డైమండ్ కట్టర్ అద్దం మీద సగం గీతలో ఆగిపోయింది. లోపల్నుంచి వాళ్ల నాన్న కేకేశాడు.

“గీత మధ్యలో చెయ్యాపితే ఆ ముక్క దండగేనే తల్లీ!”

నిజంగానే దండగైంది. టక్కుమని అడ్డంగా విరిగింది.

“మీ వల్ల మంచి ముక్క పాడైంది” అంది.

“నేనేం చేశానండీ?”

“వచ్చారుగా!”

ఇదీ మా మొదటి పరిచయం. ఇలాంటి పరిచయంతో ఎవడైనా ప్రేమలో పడతాడా అంటే, పడతాడండీ. కాకపోతే ముందు కాస్త భయపడతాడు.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. ఆ వీధి వెనక మైదానం మీదుగా హైస్పీడ్ రైలు వెయ్యాలని పెద్దలు అనుకుంటున్నారు. ఇంకా పట్టాల్లేవు, స్టేషన్ లేదు. మైదానంలో ఎర్ర రంగు పూసిన కొయ్యలు మాత్రం పాతారు. ఈలోపు వీధిలో ప్రతి గడపకీ వెళ్లి రైలు కావాలా, వద్దా అని అడిగి టాబ్లెట్‌లో నొక్కడం నా పని. కావాలి, వద్దు, చెప్పలేను. అంతే, మూడే గళ్లు.

టైలర్ పిన్ని కావాలంది. “మా చెల్లెలి ఊరు గంటలో వెళ్లొచ్చటగా! ఎంత హాయి.” అంతలోనే మొహం మాడ్చుకుంది. “అంటే అది కూడా గంటలో మా ఇంటికి వచ్చేస్తుందన్నమాట. బాబూ, నొక్కేశావా? ఆగు, ఆలోచించుకోనీ.”

రిటైరైన లెక్కల మాస్టారు వద్దన్నాడు. “అంత తొందరగా వెళ్లి ఏం చేస్తాం? అక్కడ దిగేది కూడా ఈ మొహాలతోనేగా.”

మంగలి షాపాయన మాత్రం నన్ను వింతగా చూశాడు. “ఇప్పుడు అడగడమేంటి బాబూ? రోజూ పోతూనే ఉందిగా!”

వేళాకోళం అనుకున్నాను. అప్పుడే ఆయన, “ఒక్క నిమిషం” అంటూ, గడ్డం గీయించుకుంటున్న మనిషి మెడ మీంచి కత్తి పైకెత్తేశాడు. ఎదురుగా టైలర్ పిన్ని మిషన్ పెడల్ మీంచి కాలు తీసింది. టీ కొట్టు ఆయన గ్లాసుల మీద రెండు చేతులూ ఆనించాడు. లెక్కల మాస్టారు అరుగు మీద కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వీధి వీధంతా ఊపిరి బిగబట్టినట్టు నిలబడిపోయింది.

ముందు కిటికీ ఊచలు సన్నగా పాడాయి. తర్వాత నేల వణికింది. గాలి లేని మధ్యాహ్నం, వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి ఏదో పెద్దది చాలా వేగంగా దూసుకుపోయింది. ఏమీ కనిపించలేదు. నా క్రాపు మాత్రం ఓ పక్కకి ఎగిరింది.

అయిపోయింది. కత్తి మళ్లీ మెడ మీదికి దిగింది. మిషన్ టకటకలాడింది.

“ఏంటండీ అది?” క్రాపు సర్దుకుంటూ అడిగాను.

“నువ్వడుగుతున్న రైలే. నీకు కొత్త గనక అలా ఉంది. మొదట్లో మేమూ ఇద్దరు ముగ్గురి చెవుల దగ్గర గాట్లు పెట్టాం” అన్నాడు తాపీగా.

మా సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. “సార్, వీళ్లకి రైలు ఇప్పటికే వెళ్తోంది సార్.”

“‘చెప్పలేను’ అని కొట్టెయ్” అన్నాడాయన.

వీధి మొత్తం పూర్తయింది, అద్దాల షాపు అమ్మాయి తప్ప. ఆమె జవాబు లేనిదే సర్వేలో ఆ వీధిని మూసెయ్యడానికి లేదు. నాకు అంతకంటే ఏం కావాలి? రోజూ వెళ్లేవాణ్ని. రోజూ “ఇవాళ మూడ్ లేదు” అనేది.

“ఒక్క ప్రశ్న కోసం ఇన్నిసార్లు తిరిగేవాణ్ని నిన్నే చూశానోయ్” అన్నాడు వాళ్ల నాన్న, ఫ్రేముకి మేకు కొడుతూ. ఆయన నవ్వాడో, మేకు నోట్లో పెట్టుకున్నాడో తెలియలేదు.

ఓ రోజు వాన పట్టుకుంది. అడ్డంగా, అల్లరిగా, గొడుగుల్ని వెక్కిరించే వాన. తడిసి ముద్దై చూరు కింద నిలబడ్డాను. ఆ అమ్మాయి ఓ తువ్వాలు నా మొహాన విసిరింది.

“తుడుచుకుని లోపలికి రండి. అద్దాల మీద చినుకులు పడితే మరకలు.”

“నా మీద ప్రేమేమో అనుకున్నాను.”

“అద్దాల మీద.”

వెనక గోడకి ఆనించి ఓ నిలువుటద్దం ఉంది. ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్లనిదట. అందులో చూస్తూ క్రాపు సర్దుకోబోతే గద్దించింది.

“అద్దాల షాపులో అద్దం చూసుకోకూడదు!”

“మరి దేనికండీ ఇవి?”

“మీలాంటి వాళ్లు ఇంటికెళ్లి చూసుకోడానికి. మేం కొయ్యడానికి. చూపు గీత మీద ఉండాలి, మొహం మీద కాదు.” బొటనవేలు చూపించింది. గోరు పక్కనుంచి మణికట్టు వైపు వంకరగా పాత గాటు. “చిన్నప్పుడు జడ ఎలా ఉందో అని చూసుకున్నాను. ఇదీ ఫలితం. ఆ తర్వాత అద్దంలో నాకు నేను కనపడను. అలవాటైపోయింది.”

“నాకు బాగానే కనిపిస్తున్నారు” అన్నాను.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. దొరికింది సందని అడిగేశాను. “ఆ మొదటి రోజు నన్ను చూసి ఎందుకంత కంగారుపడ్డారు?”

“చెప్తే నవ్వుతారు.”

“నవ్వనండీ.”

“నవ్వకపోతే భయపడతారు. అది ఇంకా చిరాకు.” కాసేపు కట్టర్‌ని వేళ్ల మధ్య తిప్పింది. “ఆ రైలు వీధిలో వాళ్లకి వినిపిస్తుంది. ఈ అద్దంలో నాకు కనిపిస్తుంది. కిటికీలు రయ్యిమని పోతాయి, మసక మసగ్గా. ఒక్క కిటికీ మాత్రం మెల్లగా వెళ్తుంది. అందులో ఓ మనిషి ఉంటాడు. అది మీరు.”

“టికెట్ ఎవరు కొన్నారండీ నాకు?”

“నవ్వనన్నారు!”

ఊచలు పాడటం మొదలైంది. ఆ అమ్మాయి నా చెయ్యి లాగి అద్దం మీద ఆనించింది. తన చెయ్యి కూడా పక్కనే ఆనించింది. అద్దం ఐసుగడ్డలా ఉంది.

కిటికీలు వచ్చాయి. వెలుగు గీతల్లా పోతున్నాయి. ఒకటి మెల్లబడింది. అందులో నేనున్నాను. నుదురు బాగా వెనక్కి జరిగింది, చెంపలు నెరిశాయి, కళ్లజోడొచ్చింది. ఏదో చెప్తున్నాను, నవ్వుతున్నాను. పక్కనే ఆ అమ్మాయి మొహం ఉంది, నా పక్కన నిలబడింది కదా మరి. నేను దాన్ని పట్టించుకోలేదు. నా చూపంతా ఆ బట్టతల మీదే.

“చూశారుగా! ఎప్పుడూ ఒక్కరే” అంది చెయ్యి తీసుకుంటూ. “తనలో తానే మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ. పిచ్చాడేమో పాపం అనుకునేదాన్ని.”

“చాలా థాంక్సండీ.”

“తర్వాత జాలేసింది. ఆ తర్వాత...” తలొంచుకుంది. “ఆ టైముకి చేతులు కడుక్కుని, జుట్టు దువ్వుకుని నిలబడటం మొదలుపెట్టాను. చాలా?”

చాలదన్నాను. నాకు మీరంటే ప్రాణం అన్నాను. వాన చప్పుడులో మేకులు కొట్టే చప్పుడు ఆగిపోయింది, వాళ్ల నాన్న వింటున్నాడని తెలిసినా నేను ఆగలేదు.

“తెలుసు. అందుకే వద్దంటున్నాను.” కళ్లనిండా నీళ్లు. “మనం ఒకటైతే ఆ పక్క సీటులో నేను ఎందుకు లేను? ఈలోపు నేనైనా చచ్చిపోవాలి, మీరైనా నన్ను వదిలేసి ఉండాలి. రెంటిలో ఏదో మీరే చెప్పండి.”

“నేను ఆ రైలెక్కను! జీవితమంతా బస్సులోనే నిలబడి తిరుగుతాను.”

“ఎక్కుతారు. ఇద్దరం చూశాం.”

ఊరందరి అభిప్రాయాలూ అడిగినవాడికి ఆ సాయంత్రం మొదటిసారి సొంత అభిప్రాయం ఏర్పడింది. ఆ రైలంటే నాకు ఒళ్లు మండింది.

ఇంతలో సూపర్‌వైజర్ ఫోన్. అక్కడ పని చాలు, ఇంకో ఊరు వెళ్లమన్నాడు. చెప్పి వెళ్దామని షాపుకొచ్చాను. ఆ అమ్మాయి లేదు. మంగలి షాపులో అద్దం పగిలితే కొత్తది బిగించడానికి వెళ్లిందట. నన్ను తప్పించుకోడానికే వెళ్లిందని నాకర్థమైంది. వెళ్లి నిలువుటద్దం ముందు నిలబడ్డాను. ఆ బట్టతలవాడు వస్తే వాణ్నే నిలదీద్దామని.

వచ్చాడు. కిటికీ మెల్లబడింది.

“ఒరేయ్, ఎక్కడ వదిలేశావురా ఆ పిల్లని?” అన్నాను అద్దంలోకి.

వాడు యథాప్రకారం నవ్వుతున్నాడు. పక్కనే ఆమె మొహం. ఎప్పుడొచ్చిందో వెనక్కి, చప్పుడు కూడా చెయ్యలేదు.

“వచ్చారా? మీతో చెప్పకుండా ఎలా వెళ్తాను” అంటూ తిరిగాను.

నా పక్కన ఎవరూ లేరు.

వాకిట్లోంచి చూస్తే వీధి అవతల, మంగలి షాపులో, స్టూలెక్కి గోడకి అద్దం అదిమి పట్టుకుని ఉంది ఆ అమ్మాయి. మళ్లీ అద్దం వైపు తిరిగాను. ఆమె ఇంకా అందులోనే ఉంది. పాపిట దగ్గర తెల్ల చార, నెత్తి మీదికి నెట్టుకున్న కళ్లజోడు. కిటికీకి పట్టిన ఆవిరిని బొటనవేలితో తుడుస్తోంది. ఆ వేలి మీద వంకరగా గాటు.

కిటికీ దాటిపోయింది.

ఎలా వీధి దాటానో నాకు తెలియదు. “నువ్వే! పక్క సీటులో నువ్వే!” అని అరిచాను.

“ఏకవచనం ఎప్పట్నుంచి?” స్టూలు మీంచే కోప్పడింది.

“రోజూ ఆ అద్దం ముందు నిలబడతావు. వాడి పక్కన నీ మొహం కనిపిస్తే నీ ప్రతిబింబమే అనుకుని చూపు తిప్పేస్తావు. మీ అద్దాలోళ్ల జబ్బే అది! వాడు తనలో తాను మాట్లాడుకోవడం లేదు. నీతో మాట్లాడుతున్నాడు!”

“అబద్ధం. నన్ను ఒప్పించడానికి కథలు చెప్తున్నారు.”

“రేపు అద్దం ముందు నిలబడకు. పక్కకి నిలబడి చూడు. లేకపోతే నేను ఇంకో ఊరు వెళ్లిపోతాను, మళ్లీ కనపడను.”

“ముందు ఈయన గడ్డం పూర్తి చెయ్యనిస్తారా?” అన్నాడు మంగలి, గాల్లో కత్తితో.

మర్నాడు సూపర్‌వైజర్ ఫోన్లు చేస్తున్నా నేను ఎత్తలేదు. ఆమె గోడవారగా, గుమ్మం దగ్గర, అద్దానికి ఏటవాలుగా నిలబడింది. వాళ్ల నాన్న అద్దం ముందుకొచ్చి తొంగిచూసి, “నీ నీడ కూడా లేదే ఇందులో” అని చెప్పి పక్కకి తప్పుకున్నాడు. ఆమె వేళ్లు నా వేళ్లని ఎముకలు విరిగేలా పట్టుకున్నాయి.

ఊచలు పాడాయి. వీధి ఆగింది. కిటికీలు వచ్చాయి, ఒకటి మెల్లబడింది.

బట్టతలవాడు ఏదో చెప్తున్నాడు. పక్క సీటులో ఆవిడ పడీ పడీ నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, మా వైపు తిరిగింది. సరిగ్గా గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి కళ్లల్లోకి చూసి, బొటనవేలు పైకెత్తి గాటు చూపించింది. తర్వాత కిటికీ జారిపోయింది.

ఆమె నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“ఇన్నాళ్లూ నన్ను చూసి నేనే మొహం తిప్పుకున్నానా?” అంది చివరికి. అంతలోనే తలెత్తి, “అయినా ఆ జుట్టేంటి? రంగేసుకోవచ్చుగా నేను!”

“నాకు జుట్టే లేదు. నేనేమనాలి?”

వాళ్ల నాన్నకి అద్దంలో ఏమీ కనిపించలేదట. ఆయన మమ్మల్నే చూస్తున్నాడు. దగ్గరకొచ్చి కూతురి బొటనవేలు నిమిరాడు.

“నీకు ఈ గాటు పడిన రోజు, అద్దంలో నిన్ను నువ్వు చూసుకోవద్దని తిట్టాను. ఇక చూసుకోవే తల్లీ. ఈ అద్దం అమ్మను. మీ ఇంట్లో పెట్టుకోండి.” నా వైపు తిరిగి, “అల్లుడుగారూ, మొయ్యడం మాత్రం నీ పనే” అన్నాడు.

నేను టాబ్లెట్ తీశాను. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియదు గానీ, వీధి పూర్తి చెయ్యాలి కదా.

“ఇప్పుడైనా చెప్పు. రైలు కావాలా, వద్దా?”

ఆమె ముక్కు తుడుచుకుని, అద్దం వైపు చూసింది. ఈసారి తన మొహం వైపే చూసింది, తీరిగ్గా.

“కావాలి” అంది. “కానీ మన వీధి దగ్గర మాత్రం ఆ ఒక్క కిటికీని మెల్లగా వెళ్లనివ్వమని రాయి. ఇక్కడ ఒక పిచ్చిపిల్ల నిలబడి చూస్తూ ఉంటుంది.”

దానికి టాబ్లెట్‌లో గడి లేదు. ‘కావాలి’ అని నొక్కాను.